లెక్కల పటాలు ఎట్లా గీయాలి? ఎవరి కోసం గీయాలి?

ఒకప్పుడు మన సంఘాలు ప్రభుత్వాన్ని లెక్కలు అడిగితే, లెక్కలు లేవనే జవాబు వచ్చేది. ఇప్పుడు లెక్కలు కుప్పలుగా ఉన్నాయి. జనాభా లెక్కలు, అత్యాచార కేసుల లెక్కలు, భూమి లెక్కలు, స్కాలర్‌షిప్పుల లెక్కలు అన్నీ రంగురంగుల పటాలై ఒక తెర మీదికి ఎక్కుతున్నాయి. ఆ తెరనే డాష్‌బోర్డు అంటున్నారు. గుర్రబ్బండి ముందు బురద చిందకుండా కొట్టిన పలకకి మొదట ఆ పేరు ఉండేది. తర్వాత మోటారు కారులో వేగం ముల్లు, పెట్రోలు ముల్లు ఉండే పలకకి వచ్చింది. ఇప్పుడు శాఖల అధికారుల ముందుండే తెరకి వచ్చింది.

డ్రైవరు ముల్లు వైపు ఎందుకు చూస్తాడు? బండి ఆపాలో, నడపాలో తేల్చుకోవడానికి. కాబట్టి డాష్‌బోర్డు అలంకారం కాదు. దాన్ని చూసి ఎవరో ఒకరు ఒక నిర్ణయం తీసుకుంటారు. నిధులు ఇవ్వాలా వద్దా, ఫలానా జిల్లాలో సమస్య ఉందా లేదా అనేది ఆ పటం పొడుగూ రంగూ చూసి తేలుతుంది. మన బతుకుల గురించి తేలే ఆ నిర్ణయంలో మనం లేనప్పుడు, ఆ పటం ఎట్లా గీశారో మనకి తెలియాలి. మనం కూడా గీయగలగాలి.

మా ఇళ్లల్లో విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మొదటి తరం మేం. బడిలో గ్రాఫు కాగితం మీద మార్కుల కోసం గీతలు గీశాం గాని, ఆ గీత ఒక వాదన అని మాకెవరూ చెప్పలేదు. ఏ లెక్కని దేని పక్కన పెట్టారు, దేంతో భాగించారు, ఎక్కడ నుంచి మొదలుపెట్టారు అనే మూడింట్లోనే పటం గీసినవాళ్ల రాజకీయం ఉంటది. ఎవరి గురించి పటం గీశారో వాళ్లు దాన్ని చదివి, 'ఇక్కడ తప్పుంది' అని వేలు పెట్టి చూపించగలిగితే అది మంచి పటం. ఈ వ్యాసంలో మేం చెప్పదలుచుకున్నది ఇదే.

పారిస్‌లో పెట్టిన పటాలు

ఈ పని మనకన్నా ముందు చేసినవాళ్లున్నారు. 1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్, అట్లాంటా విశ్వవిద్యాలయంలోని తన విద్యార్థులతో కలిసి సుమారు అరవై పటాలు చేత్తో గీసి, రంగులేసి అక్కడ పెట్టారు. అప్పటికి బానిసత్వం రద్దయి 35 ఏళ్లే. నల్లవాళ్లకి పురోగతి చేతగాదని తెల్లవాళ్ల శాస్త్రాలు ఘోషిస్తున్న కాలం అది. దానికి డుబోయిస్ ఉపన్యాసంతో కాకుండా పటాలతో జవాబు చెప్పారు.

ఒక పటంలో 1790 నుంచి 1870 దాకా నల్లవాళ్లలో బానిసలెంత, స్వేచ్ఛగా ఉన్నవాళ్లెంత అని చూపించారు. నిండా నలుపు బానిసత్వం, పైన సన్నటి ఆకుపచ్చ అంచు స్వేచ్ఛ. 1860లో ఆ అంచు 11 శాతమే. 1870 దగ్గరికొచ్చేసరికి ఆకుపచ్చ ఒక్కసారిగా అడుగుదాకా దిగి వంద శాతమవుతుంది. ఇంకో పటంలో జార్జియా రాష్ట్రంలో నల్లవాళ్ల చేతిలో ఉన్న భూమి ఏడాదికొక కమ్మీగా ఉంటుంది. 1874లో 3,38,769 ఎకరాలు, 1899లో 10,62,223 ఎకరాలు. అక్షరం రానివాళ్లకి కూడా కమ్మీలు పెరగడం కనపడుతుంది. అంబేడ్కర్ 1946లో ఈ డుబోయిస్‌కే ఉత్తరం రాశారు, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టదలిచిన వినతి గురించి తెలుసుకోవడానికి. ఆ ఇద్దరి మధ్య దారి మనకి కొత్తది కాదు.

ఏ లెక్కకి ఏ పటం

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చాయి. ముస్లిం బీసీలు కాని బీసీలు 46.25 శాతం, ఎస్సీలు 17.43, ఓసీలు 15.79, ఎస్టీలు 10.45, ముస్లిం బీసీలు 10.08. ఇట్లాంటి లెక్క చేతికి రాగానే చాలామంది గుండ్రటి పటం గీస్తారు. బడి పుస్తకాల్లో వృత్తరేఖా చిత్రం అనేది ఇదే, రొట్టె ముక్కల్లా ఉండేది. గీసి చూడండి. బీసీల ముక్క పెద్దదని తెలుస్తుంది, అంతే. ఎస్సీల ముక్క పెద్దదా, ఓసీల ముక్క పెద్దదా అంటే కళ్లు తడబడతాయి. ఇక 10.45కీ 10.08కీ తేడా కనిపెట్టడం ఎవరి తరం కాదు. అదే లెక్కని కమ్మీ చిత్రంగా, అంటే బార్ చార్టుగా, పెద్దది పైన చిన్నది కింద పెట్టి గీయండి. ఎవరు ఎవరికన్నా ఎక్కువో వెంటనే తేలిపోతుంది.

దీనికి కారణం మన కళ్లలో ఉంది. క్లీవ్‌లాండ్, మెగ్గిల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1984లో ప్రయోగాలు చేసి చూపించారు: ఒకే అడుగు గీత మీద నిలబడ్డ కొసలని మనిషి బాగా పోల్చగలడు, కోణాలని అంతకన్నా తక్కువగా, వైశాల్యాలని ఇంకా తక్కువగా. కాబట్టి పోలిక ముఖ్యమైనప్పుడు కమ్మీ వాడాలి. కాలంతో మారేదాన్ని చూపించాలంటే గీత వాడాలి. మొత్తంలో సగముందా, పావుందా అని రెండు మూడు ముక్కలతో చెప్పేటప్పుడు మాత్రం గుండ్రటి పటం పనికొస్తుంది.

కొన్ని చిన్న సంగతులు కూడా పెద్ద తేడా తెస్తాయి. తెలుగులో పేర్లు పొడుగు, కులాల పేర్లు, పథకాల పేర్లు మరీ పొడుగు. కమ్మీలని అడ్డంగా గీస్తే చదివేవాళ్లు మెడ వంచాల్సిన పని ఉండదు. ఏ రంగు దేనికో పక్కన పట్టీ వేసి వెతుక్కొమ్మనే బదులు పేరుని కమ్మీ పక్కనే రాయండి. అంకెని కమ్మీ కొసన రాయండి. అయిదు కమ్మీలకి అయిదు రంగులక్కర్లేదు. నాలుగింటికి బూడిద రంగు, మీరు మాట్లాడే ఒక్కదానికి ముదురు రంగు చాలు. మన కరపత్రాలు చివరికి జిరాక్సు దుకాణంలో నలుపు తెలుపుగా మారతాయని మర్చిపోవద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లూ మనలో ఉన్నారు. మూడు కొలతల కమ్మీలు, నీడలు, మెరుపులు అంకెకి ఏమీ కలపవు, కళ్లని మాత్రం కప్పుతాయి.

సున్నా నుంచి మొదలుపెట్టాలి

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం దేశంలో దళితుల మీద నేరాల కింద నమోదైన కేసులు 2021లో 50,900, 2022లో 57,582. పెరుగుదల 13 శాతం. నిలువు గీతని సున్నా దగ్గర కాకుండా 50,000 దగ్గర మొదలుపెట్టి గీస్తే ఏమవుతుంది? మొదటి కమ్మీకి 900 పొడుగు, రెండోదానికి 7,582 పొడుగు. చూసినవాళ్లు ఒక్క ఏడాదిలో కేసులు ఎనిమిది రెట్లయ్యాయనుకుంటారు.

మన పక్షాన ఉంది గదా అని ఈ పటాన్ని మనం వాడొచ్చా? వాడకూడదంటాం మేం. అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో పటాన్ని చింపేస్తాడు, దానితో పాటు నిజమైన 13 శాతం పెరుగుదల కూడా కొట్టుకుపోతుంది. పైగా ఇదే ఎత్తుగడ తిరగేసి, కొద్దిపాటి తగ్గుదలని పెద్ద విజయంగా చూపించడానికి పాలకులకి ఎక్కువ పనికొస్తుంది. కమ్మీ పొడుగే అంకె. కాబట్టి కమ్మీ సున్నా నుంచే మొదలవ్వాలి. గీత గ్రాఫుకి ఇంత కచ్చితమైన నియమం లేదు గాని, సున్నా నుంచి మొదలవ్వకపోతే ఆ సంగతి అక్కడే రాయాలి.

హారం ఎవరిది?

లెక్కల పంతుళ్లు భిన్నాల్లో పై అంకెని లవం అంటారు, కింది అంకెని హారం అంటారు. మన రాజకీయమంతా ఎక్కువగా హారంలోనే దాక్కుంటుంది.

2022 కేసులనే తీసుకుందాం. ఉత్తరప్రదేశ్ 15,368, రాజస్థాన్ 8,752, మధ్యప్రదేశ్ 7,733. ఈ పటంలో ఉత్తరప్రదేశ్ అందరికన్నా ముందుంటుంది. ఇప్పుడు ప్రతి లక్ష దళిత జనాభాకి ఎన్ని కేసులని భాగిద్దాం. రాజస్థాన్ 71.6, మధ్యప్రదేశ్ 68.2, ఉత్తరప్రదేశ్ 37.2. వరుస తిరగబడింది. రెండు పటాలూ నిజమే, కాకపోతే అవి చెప్పే సంగతులు వేరు. ఎన్ని ప్రత్యేక కోర్టులు కావాలని అడిగేటప్పుడు మొదటిది కావాలి. ఎక్కడ దళితుడికి ప్రమాదం ఎక్కువని అడిగేటప్పుడు రెండోది కావాలి.

అక్కడితో ఆగకూడదు. 2022 కేసులని భాగించింది 2011 దళిత జనాభాతో. 2021లో జరగాల్సిన జనగణన జరగకపోవడంతో పాత హారమే వాడుతున్నారు. ఇంకో సంగతి, ఇవి జరిగిన అత్యాచారాలు కావు, పోలీసులు నమోదు చేసిన కేసులు. కేసు తీసుకోని ఠాణా ఉన్న జిల్లా పటంలో తెల్లగా, శాంతంగా కనపడుతుంది. బాధితులు ధైర్యంగా కేసు పెట్టిన జిల్లా ఎర్రగా కనపడుతుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులని చంపేశారు. ఒక ఎఫ్‌ఐఆర్‌ని ఒక కేసుగా లెక్కగట్టే పద్ధతిలో అంత పెద్ద ఊచకోతా, కులం పేరుతో తిట్టిన కేసూ ఒక్కో గీతే. అందుకే కేసుల పటం కింద 'నమోదైన కేసులు మాత్రమే' అని రాయడం మర్యాద కోసం కాదు, నిజం కోసం.

భూమి సంగతి చూద్దాం. 2011 జనగణనలో దేశ గ్రామీణ జనాభాలో దళితులు 18.5 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో సాగు కమతాల సంఖ్యలో దళితుల వాటా 11.9 శాతం, సాగు విస్తీర్ణంలో 8.6 శాతం. ఈ మూడింటినీ ఒకే అడుగు గీత మీద మూడు కమ్మీలుగా పెట్టండి. మెట్లు దిగినట్టు కనపడుతుంది. కమతాల కమ్మీ ఒక్కటే పెట్టి 'దళితుల చేతిలో 11.9 శాతం కమతాలు' అని రాస్తే ఎవరికీ నొప్పి తెలియదు. పక్కన జనాభా కమ్మీ నిలబడ్డప్పుడే వాటా ప్రశ్న పుడుతుంది. ఇంకోటి కూడా రాయాలి: కమతమంటే సాగుచేసే భూమి, సొంత పట్టా భూమి అని కాదు. 1980ల్లో ఇబ్రహీంపట్నం తాలూకాలో వ్యవసాయ కూలీలు వెట్టికి, భూస్వామ్యానికి వ్యతిరేకంగా సంఘం కట్టినప్పటి నుంచీ మన ప్రాంతంలో అసలు తగాదా ఇదే గదా. పహాణీలో పేరు ఒకరిది, చెలకలో నాగలి ఇంకొకరిది. రెంటినీ కలిపి ఒకే కమ్మీ గీసే డాష్‌బోర్డు ఆ తగాదాని కనపడకుండా చేస్తుంది.

'ఎస్సీ' అనే ఒక్క కమ్మీ

1994లో మాదిగ దండోరా లేచినప్పుడు అడిగిన ప్రశ్నని ఇప్పటి మాటల్లో చెప్తే, 'ఎస్సీ అనే ఒక్క కమ్మీని విడగొట్టి చూపించండి' అనేదే. 1997లో జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక, 2000లో చట్టం, 2004లో సుప్రీంకోర్టు కొట్టివేత, 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురి ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో కొత్త చట్టం అమలు. ఈ ముప్ఫై ఏళ్ల పోరులో ఎటు నిలబడ్డవాళ్లైనా లెక్కలతోనే వాదించారు.

కొత్త చట్టంలో 59 కులాలని మూడు గ్రూపులు చేశారు. ఎస్సీ జనాభాలో మొదటి గ్రూపు 3.3 శాతం, రెండోది 62.7, మూడోది 34. రిజర్వేషన్ వరుసగా 1, 9, 5 శాతం. ఇప్పుడు ఎవరన్నా 62.7 పక్కన 9 పెట్టి కమ్మీలు గీస్తే చూసినవాళ్ల గుండె మండుతుంది. ఆ పటం తప్పు. ఎందుకంటే 62.7కి హారం ఎస్సీ జనాభా, 9కి హారం మొత్తం ఉద్యోగాలు. రెంటికీ ఒకే హారం తేవాలి. మొత్తం 15లో 9 అంటే 60 శాతం, 5 అంటే 33.3, 1 అంటే 6.7. ఇప్పుడు 3.3 పక్కన 6.7, 62.7 పక్కన 60, 34 పక్కన 33.3 పెట్టండి. అన్నిటికన్నా వెనకబడ్డ చిన్న కులాలకి జనాభాని మించి ఇచ్చారని, మిగతా రెంటికీ కొంచెం తగ్గిందని కనపడుతుంది. అది న్యాయమా కాదా అనేది ఆ తర్వాతి చర్చ. ఆ చర్చ సరైన పటం ముందు కూర్చుని చెయ్యాలి.

ఒక్క కమ్మీ కింద కులాలే కాదు, ఆడవాళ్లు కూడా కనపడకుండా పోతారు. 2011లో దేశంలో దళితుల అక్షరాస్యత 66.1 శాతం. విడగొడితే మగవాళ్లు 75.2, ఆడవాళ్లు 56.5. దళిత స్త్రీల గురించి మాట్లాడని పటం 66 దగ్గర తృప్తిపడి ఆగిపోతుంది.

విడగొట్టడానికి ఒక హద్దు కూడా ఉంది. చిన్న ఊళ్లో రెండే ఇళ్లున్న కులం లెక్కని తెర మీద పెడితే, అది లెక్క కాదు, ఆ ఇంటి చిరునామా. అత్యాచార బాధితుల విషయంలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. అట్లాంటి చోట మండలం స్థాయికి కలిపి చూపించాలి.

కాలం గీతలో దాగిన అతుకులు

దళితుల అక్షరాస్యతని గీతగా గీద్దాం. 1961లో 10.27 శాతం, 1971లో 14.67, 1981లో 21.38, 1991లో 37.41, 2001లో 54.69, 2011లో 66.07. 1981 నుంచి 1991కి గీత ఎగిరి దూకినట్టు ఉంటుంది. ఆ పదేళ్లలో ఏదో మహత్తు జరిగిందని రాసేసే విద్యార్థులుంటారు. అసలు సంగతేమంటే, 1981 దాకా ఈ శాతానికి హారం చంటిపిల్లలతో సహా మొత్తం జనాభా. 1991 నుంచి ఏడేళ్లు నిండినవాళ్లే హారం. కొంత పెరుగుదల నిజం, కొంత హారం మారడం వల్ల వచ్చింది. ఇట్లాంటి చోట గీతని తెంపి, అక్కడే కారణం రాయాలి.

ఊరి లెక్కలకి ఈ బాధ ఇంకా ఎక్కువ. 1978లో హైదరాబాద్ జిల్లాలోంచి రంగారెడ్డి జిల్లా పుట్టింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016 అక్టోబరులో పాత రంగారెడ్డి జిల్లా మూడు జిల్లాలైంది. జల్‌పల్లి సంగతి చూడండి. పంచాయతీగా ఉన్న ఊరు మున్సిపాలిటీ అయింది, 2025 చివర్లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. 'రంగారెడ్డి జిల్లా' అని పేరు పెట్టి 1991 నుంచి ఇప్పటిదాకా ఒకే గీత గీస్తే, ఆ గీత మధ్యలో నేల మారిపోయింది. జల్‌పల్లి దళితవాడ లెక్కని నగరం సగటులో కలిపేస్తే, రేపు డాష్‌బోర్డులో ఆ వాడకి మంచినీళ్లు ఉన్నట్టూ, మురుగుకాలువ ఉన్నట్టూ కనపడొచ్చు. సగటుకి నీళ్లుంటాయి, వాడకి ఉండవు. అందుకే వార్డు లెక్కని, వాడ లెక్కని విడిగా అడిగి దాచిపెట్టుకోవాలి. హద్దు మారిన ఏడాదిని పటం మీద నిలువు గీతతో గుర్తుపెట్టాలి.

పచ్చటి డాష్‌బోర్డు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టమొచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమొచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు అనేది దీని ప్రాణం. దీని డాష్‌బోర్డు ఎట్లా చదవాలో ఒక ఊహా లెక్కతో చెప్తాం. జనాభా ప్రకారం రావాల్సింది 100 రూపాయలనుకుందాం. బడ్జెట్లో రాసింది 80. విడుదలైంది 50. ఖర్చయింది 45. తెర మీద 'ఖర్చు 90 శాతం' అని ఆకుపచ్చ ముల్లు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. 45ని 50తో భాగించారు. 80తో భాగిస్తే 56. రావాల్సిన 100తో భాగిస్తే 45. అబద్ధం ఎక్కడా లేదు, హారం మాత్రం మారింది. ఒక్క ముల్లు కాకుండా రావాల్సింది, రాసింది, విడుదలైంది, ఖర్చయింది అని నాలుగు కమ్మీలు ఒకదాని కింద ఒకటి పెట్టమని అడగాలి. డబ్బు ఏ మెట్టు దగ్గర ఆగిందో అప్పుడు కనపడుతుంది, ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

తెర నుంచి గోడకి

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో రంగారెడ్డి కూడా ఉంది. దాని వెంటే వచ్చిన సామాజిక తనిఖీలో మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పని చేసినవాళ్లని అడిగి, సభలో అందరి ముందూ చదివారు. చదువు రాని కూలి మనిషి లేచి 'ఆ పదిరోజులు నేను పనికే రాలేదు' అనగలిగింది. లెక్క మీద లెక్కలోని మనిషికి అధికారం ఉండటమంటే అదీ. డాష్‌బోర్డులు చాలావరకు దీనికి ఎదురు దిక్కున నడుస్తాయి. లెక్క కింది నుంచి పైకి పోతుంది, తిరిగి కిందికి రాదు.

కాబట్టి కార్యకర్తలకి, పంతుళ్లకి, విద్యార్థులకి మా సూచనలివి.

ఒకటి, ఒక పటం ఒక ప్రశ్నకే జవాబు చెప్పాలి. ఆ జవాబునే శీర్షికగా రాయండి. 'భూమి వివరాలు' అని కాదు, 'ఊరి జనంలో మన వాటా ఎంత, భూమిలో ఎంత' అని రాయండి.

రెండు, హారం ఏమిటి, లెక్క ఎవరిది, ఏ ఏడాదిది, ఇందులో లెక్కకి రానివాళ్లెవరు అనే నాలుగూ పటం కిందే రాయండి. ప్రభుత్వ డాష్‌బోర్డు మీద ఇవి లేకపోతే సమాచార హక్కు కింద అడగండి.

మూడు, అంకెని ఒంటరిగా నిలబెట్టొద్దు. జనాభా వాటా పక్కనో, పోయినేడాది పక్కనో, పక్క వాడ పక్కనో పెట్టండి.

నాలుగు, కంప్యూటరు లేదని ఆగొద్దు. డ్రాయింగు షీటు, స్కేలు, రెండు రంగులు చాలు. వంద గళ్లు గీసి, ఊళ్లో నూరు ఎకరాల్లో మన చేతిలో ఉన్నన్ని గళ్లకి నీలం రంగు వేయించండి. ఏడో తరగతి పిల్లలు చేయగలిగిన పని ఇది.

ఐదు, గీసిన పటాన్ని ముందు వాడలో పెట్టండి. చదివి వినిపించి, 'ఇందులో తప్పేముంది?' అని అడగండి. అక్కడ నిలబడ్డాకే కలెక్టరు ముందు పెట్టండి.

జల్‌పల్లిలో గానీ, ఇంకే వాడలో గానీ కమ్యూనిటీ హాలు గోడ మీద అట్లాంటి ఒక్క పటం ఉంటే, తెర మీది పటంతో దాన్ని పోల్చి చూడటం మొదలవుతుంది. రెండూ కలవని చోట మన ప్రశ్న మొదలవుతుంది.